మామిడికాయలు సీజ్ చేశారు, ఇప్పుడేం చేయాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది చెబుతాను, తప్పుంటే సరిచేయండి. విజయవాడ దగ్గర అద్దె గోడౌన్‌లో బంగినపల్లి కాయలు మగ్గబెట్టి అమ్ముతున్నారు. శనివారం మధ్యాహ్నం ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ వచ్చి, క్రేట్ల మధ్య తెల్ల పొట్లాలు చూసి కార్బైడ్ (కాయలు మగ్గబెట్టడానికి వాడకూడదని నిషేధించిన రసాయనం) అన్నారు. సుమారు నాలుగు టన్నుల కాయ జప్తు అన్నారు. శాంపిల్ తీసి, మూడు కాగితాల మీద మీ చేత సంతకాలు పెట్టించుకుని, గోడౌన్‌కు సీలు వేసి వెళ్లారు. అవి కార్బైడ్ కాదు, మగ్గబెట్టడానికి పరిమితితో అనుమతి ఉన్న ఎథిలీన్ పొట్లాలు అని మీరంటున్నారు. కాయలో సగం మీ సొంత తోటదట. ఆదివారం రాత్రికి వెనక తలుపు తీసి కాయ మొత్తం హైదరాబాద్‌కు పంపేద్దామని మీ బావమరిది అంటున్నాడు. జైలు పడుతుందా, కాయ తిరిగి వస్తుందా, ట్రాక్టర్‌తో తొక్కించేస్తారా అని మీ టెన్షన్.

నేను ఈ ఉద్యోగమే చేసి రిటైరయ్యాను. 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం ఉన్నప్పుడు ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌గా చేరాను. 2006లో చేసిన ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2011 ఆగస్టు 5 నుంచి అమల్లోకి వచ్చాక ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ అనిపించుకున్నాను. జప్తు కాగితాలు రాసినవాణ్ణి కాబట్టి వాటిలో ఏ గీత ఎవరికి పనికొస్తుందో తెలుసు. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు మీ బావమరిది సంగతి. ఆ వెనక తలుపు ముట్టుకోవద్దు. జప్తు చేసిన సరుకును ఆఫీసర్ అనుమతి లేకుండా కదిపినా, తీసినా, మార్చినా అది వేరే నేరం. ఆహార భద్రత చట్టం 60వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా. ఇవాళ మీ మీద ఉన్నది అనుమానం మాత్రమే. ఆ పొట్లాలు ఎథిలీనే అని రేపు ల్యాబ్ తేల్చినా, సీలు తెంచిన నేరం అలాగే నిలుస్తుంది. పొట్లాల కేసులో బయటపడి సీలు కేసులో ఇరుక్కున్న వ్యాపారిని నేను చూశాను. అతని కాయ నిజంగా మంచిదే. ఒక్క రాత్రి ఓపిక పట్టలేకపోయాడు.

ఇప్పుడు జప్తు అంటే ఏమిటో చూద్దాం. 38వ సెక్షన్ ఆఫీసర్‌కు మూడు పనులు చేసే అధికారం ఇచ్చింది. శాంపిల్ తీయవచ్చు. చట్టానికి విరుద్ధంగా కనిపించిన సరుకును జప్తు చేయవచ్చు. లేదా శాంపిల్ తీసుకుని, సరుకును మీ దగ్గరే భద్రంగా ఉంచమని అప్పగించవచ్చు. మీ దగ్గర ఉంచితే సరుకు విలువకు సమానమైన బాండ్, పూచీదారులతో సహా అడగవచ్చు. చట్టంలో ఉన్న మాట ‘విరుద్ధమని ఆఫీసర్‌కు కనిపించినది’ అని. రుజువైనది అని కాదు. అందుకే జప్తు తీర్పు కాదు. ఈ ఒక్క ముక్క అర్థం కాక చాలామంది మొదటి రోజే చేతులెత్తేస్తారు, కొందరు కొట్లాటకు దిగుతారు. రెండూ నష్టమే. ఆఫీసర్‌ను అడ్డుకుంటే 62వ సెక్షన్ కింద ఇంకో కేసు.

మీరు సంతకం పెట్టిన మూడు కాగితాల నకళ్లు మీ దగ్గర ఉన్నాయా? మీ ప్రశ్నలో ఈ సంగతి లేదు. నాకు అన్నిటికన్నా అదే ముఖ్యం. లేకపోతే సోమవారం ఉదయం పది గంటలకల్లా ఆఫీసుకు వెళ్లి, కాగితం మీద రాసిచ్చి అడగండి. రాసిచ్చిన దాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. నోటిమాటగా అడిగింది ఎక్కడా మిగలదు.

ఆ కాగితాల్లో ఏం చూడాలంటే, మొదట సాక్షి సంతకం. శాంపిల్ తీసేటప్పుడు ఒకరో ఇద్దరో మనుషుల్ని పిలిచి వాళ్ల ఎదుట తీయాలి, వాళ్ల సంతకం తీసుకోవాలి. తర్వాత శాంపిల్ నోటీసు, దాన్ని ఫారం 5ఎ అంటారు. విశ్లేషణకు పంపుతున్నామని మీకు రాతపూర్వకంగా ఇచ్చేది అదే. శాంపిల్ ధర కట్టి ఇచ్చారా లేదా కూడా చూడండి. బజారు రేటుకు ధర చెల్లించాలని చట్టంలో ఉంది. చిన్న మొత్తమే, కానీ ఆ రసీదు మీద ఉండే తేదీ, టైము, బరువు రేపు అక్కరకొస్తాయి. చివరగా జప్తు జాబితా. ‘సుమారు నాలుగు టన్నులు’ అని రాసి ఉంటే అది మీకు మంచిది కాదు. ఎన్ని క్రేట్లు, ఒక్కో క్రేట్ ఎంత బరువు, ఏ వరుసలో ఏ రైతు కాయ, పొట్లాలు ఏ క్రేట్లలో దొరికాయి, ఎన్ని దొరికాయి, అవి విడిగా సీలు చేశారా, ఇదంతా ఉండాలి.

ఎందుకింత వివరం అంటే 18వ సెక్షన్‌లో ఒక నియమం ఉంది. ఒక లాట్‌లో, అంటే ఒకే బాపతుగా లెక్కించిన సరుకులో, కొంత చెడ్డదని తేలితే, కాదని మీరు నిరూపించుకునేదాకా ఆ లాట్ మొత్తం చెడ్డదనే భావిస్తారు. పొట్లాలు రెండు వరుసల్లోనే దొరికి, మిగతా పదహారు వరుసల్లో ఏమీ లేకపోయినా, అన్నీ ఒకే లాట్ అని రాసి ఉంటే నాలుగు టన్నులూ ఒకే గాటన కట్టినట్టే. మీ దగ్గర కొనుగోలు చిట్టీలు, లారీ వేబ్రిడ్జి స్లిప్పులు, ఏ రోజు ఎవరి తోట కాయ దిగిందో రాసిన పుస్తకం ఉంటే ఇప్పుడే బయటికి తీయండి. అవి చూపించి, పొట్లాలు లేని వరుసలను వేరు లాట్‌గా పరిగణించి విడుదల చేయమని డెసిగ్నేటెడ్ ఆఫీసర్‌కు (ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కు పైఅధికారి) అర్జీ పెట్టండి. నా సర్వీసులో ఇలాంటి అర్జీలకు ఒప్పుకున్న సందర్భాలు ఉన్నాయి. పుస్తకం లేనివాళ్ల అర్జీ మాత్రం నిలబడగా చూడలేదు.

శాంపిల్ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, అక్కడే మీ హక్కు ఉంది. 47వ సెక్షన్ ప్రకారం శాంపిల్‌ను నాలుగు భాగాలు చేయాలి. ఒకటి ఫుడ్ అనలిస్ట్‌కు, అంటే ల్యాబ్‌లో శాంపిల్ పరీక్షించి రిపోర్టు ఇచ్చే అధికారికి, వెళుతుంది. రెండు డెసిగ్నేటెడ్ ఆఫీసర్ దగ్గర భద్రంగా ఉంటాయి. నాలుగోది, మీరు అడిగితే, గుర్తింపు పొందిన ప్రైవేట్ ల్యాబ్‌కు పంపాలి. అడిగితేనే. ఈ ‘అడిగితే’ అన్న మాట తెలియక నూటికి తొంభై మంది అడగరు, ఆఫీసర్లు గుర్తు చేయరు. నేనూ మొదటి ఏడాది గుర్తు చేయలేదు. తర్వాత నోటీసు ఇచ్చేటప్పుడే ‘నాలుగో భాగం పంపమంటారా?’ అని గట్టిగా అడిగి, జవాబు వాళ్ల చేత్తోనే రాయించేవాణ్ణి. రెండు ల్యాబ్‌ల రిపోర్టులు తేడా వస్తే డెసిగ్నేటెడ్ ఆఫీసర్ తన దగ్గరున్న భాగాన్ని రెఫరల్ ల్యాబ్‌కు (ఇలాంటి తేడాలు తేల్చే పై ల్యాబ్) పంపాలి. ఆ ల్యాబ్ మాటే తుది మాట.

మీరు శనివారం అడగకపోతే సోమవారమైనా రాసివ్వండి. ఆలస్యమైందని వాళ్లు కాదనవచ్చు. అయినా అర్జీ పెట్టండి. మామిడి పండు పప్పు కాదు, నూనె కాదు. వారంలో మచ్చలు పడుతుంది, పది రోజుల్లో కారిపోతుంది. రెండోసారి పరీక్షకు పంపేనాటికి శాంపిల్ కుళ్లిపోతే ఏమవుతుందన్న ప్రశ్న మన దేశంలో పాతదే. 1967 నాటి లా రిపోర్టుల్లో ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ కేసు ఒకటి ఉంది. అమ్మకానికి పెట్టిన పెరుగు శాంపిల్ తీశారు. కేసు వేయడంలో ఆలస్యం జరిగింది. నిందితుడు రెండో పరీక్ష కోరేనాటికి ఆ శాంపిల్ పాడైపోయి పరీక్షకు పనికి రాలేదు. తన శాంపిల్‌ను మళ్లీ పరీక్ష చేయించుకోవడం నిందితుడి విలువైన హక్కు, ప్రాసిక్యూషన్ ఆలస్యం వల్ల అది పోతే శిక్ష వేయకూడదు అని సుప్రీంకోర్టు చెప్పింది. అది పాత చట్టం కింద వచ్చిన తీర్పే అయినా లాయర్లు ఇప్పటికీ దాన్ని ముందు పెడతారు. ఆ వాదన మీకు పనికి రావాలంటే, మీరు సకాలంలో అడిగారనే రుజువు మీ చేతిలో ఉండాలి.

ఇక ట్రాక్టర్ తొక్కించే మాట. పాడైపోయే స్వభావం ఉన్న సరుకు, మనిషి తినడానికి పనికిరానంతగా చెడిపోయిందని ఆఫీసర్‌కు నమ్మకం కలిగితే, మీకు రాతపూర్వక నోటీసు ఇచ్చి ధ్వంసం చేయించవచ్చు. 38వ సెక్షన్‌లోనే 4వ ఉపవిభాగం. అందులో రెండు షరతులున్నాయి, సరుకు చెడిపోయి ఉండాలి, నోటీసు రాసివ్వాలి. గట్టిగా ఉన్న దోరకాయను, అనుమానం ఉందన్న ఒక్క కారణంతో, నోటీసు లేకుండా ఆ సాయంత్రమే గుంతలో పోయించడానికి ఈ ఉపవిభాగం చాలదని నా అభిప్రాయం. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో కొత్తలో, ఒక జిల్లా కేంద్రంలో, పైవాళ్ల ఫోన్ రాగానే రెండు లారీల కాయ చీకటి పడేలోపు పారబోయించాను. పొట్లాలు నిజంగా కార్బైడే. చేతిలో పట్టుకుని చూశాను కూడా. కానీ తొందరలో సాక్షి సంతకం గీత ఖాళీగా ఉండిపోయింది, పొట్లాలను విడిగా సీలు చేయలేదు, నోటీసు మర్నాటి తేదీతో వెళ్లింది. కేసు నిలవలేదు. ఆ వ్యాపారి మర్నాటి వేసవిలో అదే షెడ్డులో అదే పని చేశాడు. ఆ రోజు సరిగ్గా ఒక గంట కూర్చుని కాగితం రాసుంటే అతను ఆగేవాడు, ఆ పండ్లు తినే పిల్లలకు మేలు జరిగేది. అది ఇప్పటికీ బాధిస్తుంది.

మీ కాయ గట్టిగా ఉండగానే ధ్వంసం చేస్తామంటే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. కాయ స్థితి ఎలా ఉందో ఫోటోలు, వీడియో తీసి పెట్టుకోండి. సీలు వేసిన గోడౌన్ లోపలికి వెళ్లి కాదు, ఆఫీసర్ సమక్షంలో, అనుమతి అడిగి. సరుకును బాండ్ మీద మీ కస్టడీకి ఇవ్వమని, లేదా ఏదైనా కోల్డ్ స్టోరేజీకి మార్చడానికి అనుమతించమని అడగండి. వినకపోతే హైకోర్టులో రిట్ ఉంది. పాడైపోయే సరుకు కాబట్టి లాయర్ లంచ్ మోషన్ (అదే రోజు అత్యవసరంగా వినమనే అర్జీ) అడుగుతారు, సెలవు రోజైతే హౌస్ మోషన్ (జడ్జి ఇంటి దగ్గరే వినమనేది). ఖర్చు తక్కువేం కాదు. నాలుగు టన్నుల కాయకు అది గిట్టుబాటు అవుతుందో లేదో మీరే లెక్క వేసుకోండి. పొట్లాలు ఏమిటో మీకు నూటికి నూరు పాళ్లూ తెలిస్తేనే ఆ దారి పట్టండి.

ఆ పొట్లాల గురించే ఇప్పుడు సూటిగా అడుగుతాను. అవి ఎథిలీన్ అని మీకు ఎలా తెలుసు? అమ్మినవాడు చెప్పాడా? మార్కెట్‌లో ‘చైనా పొడి’ అనో, ‘మసాలా’ అనో అడిగితే ఒక్కోచోట ఒక్కోటి ఇస్తారు. పైన ఇంగ్లిష్‌లో రైపెనర్ అని అచ్చు వేసి లోపల కార్బైడ్ ముక్కలు పెట్టిన పొట్లాలు నా చేతులతో విప్పాను. తేడా కంటికి తెలుస్తుంది. కార్బైడ్ బూడిద రంగు రాయిలా, గరుకు ముక్కలుగా ఉంటుంది. చిన్న ముక్క నీళ్లలో వేస్తే బుసబుసమని పొంగి, వెల్లుల్లి కుళ్లినట్టు వాసన వస్తుంది. ఆ వాసన అందులోని భాస్వరం, ఆర్సెనిక్ లాంటి మలినాల వల్ల. పరిశ్రమలకు వాడే కార్బైడ్‌లో ఆ విషాలు ఆనవాళ్లుగా ఉంటాయి, అందుకే నిషేధం. గోడౌన్‌లో కాయల తేమ తగిలి రెండు రోజులకు అదే రాయి తెల్లటి సున్నంగా మారుతుంది. మీ ఆఫీసర్ చూసిన ‘తెల్ల పొట్లాలు’ అదే కావచ్చు, ఎథెఫాన్ (ఎథిలీన్ విడుదల చేసే రసాయనం) పొడి సాచెట్లు కూడా కావచ్చు. ల్యాబ్ తేలుస్తుంది. ఆ సున్నమే కార్బైడ్ ఆనవాలు అని అనలిస్ట్‌కు తెలుసు.

ఒక రాత్రి తనిఖీలో వరిగడ్డి తీసి చూస్తే, కాయల మధ్య పాత దినపత్రిక ముక్కల్లో కట్టిన పొట్లాలు, పేపర్ చెమ్మగిలి చిరిగి, సున్నం కాయల ముచ్చికల దగ్గర అంటుకుని ఉంది. వాటిని కట్టిన హమాలీ పక్కనే నిలబడి ఉన్నాడు. గ్లవ్స్ లేవు. వేళ్ల కొసలు తెల్లగా పగిలి, నెత్తురు చారలు. రాత్రికి రెండు వందల పొట్లాలు కడతానన్నాడు. కార్బైడ్ ప్రమాదం అనగానే అందరూ తినేవాళ్ల గురించే అనుకుంటారు. ఆ చేతులు ఎవరికీ గుర్తు రావు. మీ గోడౌన్‌లో పొట్లాలు పెట్టేది ఎవరో ఒకసారి వాళ్ల చేతులు చూడండి.

చట్టం ఏమంటోందంటే, కార్బైడ్ గ్యాస్, అంటే అసిటిలీన్‌తో మగ్గబెట్టిన పండ్లు అమ్మకూడదు, అమ్మకానికి గోడౌన్‌లో ఉంచుకోవడం కూడా కుదరదు. అమ్మకాలపై నిషేధాలు, పరిమితుల నిబంధనలు 2011లో 2.3.5 అంకె కింద ఈ మాట ఉంది. కొత్త నియమమేమీ కాదు, పాత చట్టం కింది రూల్స్‌లోనూ ఉండేది. ఎథిలీన్ వాయువు మాత్రం 100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు వంద) మించకుండా వాడవచ్చు. ఎథిలీన్ వచ్చే పొడి ఏదైనా పండుకు నేరుగా తగలకూడదు. అంటే మీ పొట్లాలు నిజంగా ఎథిలీనే అనుకుందాం, క్రేట్‌లో కాయల మీదే పడేసి ఉంటే అదీ తప్పే. ఎథెఫాన్ ద్రావణంలో పండ్లు ముంచడం నిషేధమని 2025 మేలో ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఈ చట్టాన్ని అమలు చేసే కేంద్ర సంస్థ) మళ్లీ గట్టిగా చెప్పింది. అదే ఆదేశంలో మీకు నేరుగా తగిలే మాట ఒకటుంది. గోడౌన్‌లో గానీ, పండ్ల క్రేట్ల పక్కన గానీ కార్బైడ్ దొరికితే, దాన్ని వ్యాపారి మీద సందర్భ సాక్ష్యంగా తీసుకుని ప్రాసిక్యూషన్ చేయవచ్చని.

దీనికి కారణం ఉంది. కార్బైడ్‌తో మగ్గిన పండును నాలుగు రోజుల తర్వాత ల్యాబ్‌కు పంపితే, వాయువు ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది. పండులో ఏమీ దొరకకపోవచ్చు. అందుకని వ్యాపారులు ‘పండు క్లీన్ అని రిపోర్ట్ వచ్చింది కదా’ అని వాదించేవాళ్లు. ఇప్పుడు పండు కన్నా పొట్లమే పెద్ద సాక్ష్యం. ఆ కల్తీ పదార్థం నీ దగ్గర ఎందుకుందో సరిగా చెప్పుకోలేకపోతే దాన్ని జప్తు చేయవచ్చు, కల్తీకి కాదని నిరూపించుకునే భారం కూడా నీదే అని 38వ సెక్షన్ అంటుంది. కల్తీ పదార్థం కలిగి ఉన్నందుకు, అది ఆరోగ్యానికి హానికరమైతే, 57వ సెక్షన్ కింద 10 లక్షల దాకా జరిమానా పడవచ్చు. కాబట్టి పొట్లాలు కొన్న బిల్లు వెతకండి. కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు ఉన్న బిల్లు ఉంటే మీ మాటకు బలం ఉంటుంది. చీటీ మీద రాసిచ్చిన ‘పొడి, 2 డబ్బాలు’ అన్నది బిల్లు కాదు.

సగం కాయ మీ సొంత తోటది అన్నారు. ఇది మంచి ప్రశ్న, చాలామంది రైతు-వ్యాపారులకు వచ్చేదే. ఈ చట్టం రైతుకు, రైతు స్థాయిలో ఉన్న పంటకు వర్తించదని 18వ సెక్షన్‌లోని 3వ ఉపవిభాగం చెబుతుంది. సహజ రూపంలో ఉన్న పంట ‘ప్రాథమిక ఆహారం’ అయ్యేది కూడా రైతు కాని మనిషి చేతిలోకి వెళ్లాకే. అంటే మీ తోటలో చెట్టు కింద రాశి పోసిన కాయను ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ ఈ చట్టం కింద జప్తు చేయలేరు. కానీ మీ కాయ తోటలో లేదు. అద్దె గోడౌన్‌లో, కొన్న కాయతో కలిపి, మగ్గబెట్టి, టోకు అమ్మకానికి సిద్ధంగా ఉంది. అక్కడ మీరు రైతుగా కాదు, ఆహార వ్యాపారిగా నిలబడ్డారు. లైసెన్సో రిజిస్ట్రేషనో కూడా ఆ హోదాలోనే తీసుకుని ఉంటారు. కాబట్టి నేను రైతును అన్న వాదన మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. పట్టాదారు పాసు పుస్తకం తీసుకెళ్లండి, లాట్‌లు వేరు చేయించుకోవడానికి అది పనికొస్తుంది. మొత్తం కేసు నుంచి తప్పించదు.

ఇదే మీకు కాయ అమ్మిన రైతులకు ఊరట. రేపు మీ గోడౌన్ కేసులోకి వాళ్లను లాగమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. పొట్లం వేసింది వాళ్లు కాదు.

జైలు సంగతి. ఫుడ్ అనలిస్ట్ శాంపిల్ అందిన 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. డెసిగ్నేటెడ్ ఆఫీసర్ ఆ రిపోర్టు చూసి ఇది జరిమానాతో పోయేదా, జైలు శిక్ష ఉండేదా అని నిర్ణయిస్తారు. జరిమానా కేసైతే అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి, మన దగ్గర సాధారణంగా జాయింట్ కలెక్టర్, విచారించి తేలుస్తారు. అక్కడ జైలు లేదు. సురక్షితం కాని ఆహారం అని తేలితే ఫుడ్ సేఫ్టీ కమిషనర్ అనుమతితో కోర్టులో కేసు వేస్తారు. ఎవరికీ హాని జరగని సందర్భంలో 59వ సెక్షన్ మొదట 6 నెలల వరకు జైలు, లక్ష వరకు జరిమానా అని ఉండేది. 2023 నాటి జన్ విశ్వాస్ చట్టం దాన్ని 3 నెలలు, 3 లక్షలుగా మార్చింది. హాని జరిగితే శిక్ష పెరుగుతూ పోతుంది, ప్రాణం పోతే 7 ఏళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా ఉంది.

పోలీసులు కూడా వస్తారేమో అని రాశారు. హైదరాబాద్‌లో టాస్క్‌ఫోర్స్ వాళ్లు కార్బైడ్ గోడౌన్ల మీద పడటం మామూలే. ఒకే సంగతికి రెండు చట్టాల కింద శిక్షించే పని కుదరదని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. సురక్షితం కాని ఆహారం విషయంలో ఆహార భద్రత చట్టంలోని 59వ సెక్షన్‌దే పైచేయి, ఆహార కల్తీ గురించిన ఐపీసీ 272, 273 సెక్షన్లు దాని పక్కన నడవవు అని. ఆ రెండు సెక్షన్లే ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 274, 275గా ఉన్నాయి. ఎఫ్ఐఆర్ ఏదైనా వస్తే మీ లాయర్‌కు ఈ తీర్పు గుర్తు చేయండి.

ఆఫీసర్ కక్షతో చేశారని మీ అనుమానం. మీరు రాసిన దాంట్లో నాకు కక్ష కనబడలేదు, పొట్లాలు కనబడ్డాయి. సరైన కారణం లేకుండా వేధించడానికే జప్తు చేసిన ఆఫీసర్‌కు లక్ష రూపాయల వరకు జరిమానా వేసే 39వ సెక్షన్ ఉన్న మాట నిజం. అదే సెక్షన్‌లో, ఫిర్యాదు అబద్ధమైతే ఫిర్యాదుదారుకు 50 వేలకు తగ్గకుండా లక్ష దాకా జరిమానా కూడా ఉంది. కోపంలో ఆ దారి పట్టకండి.

మీ అసలు ఇబ్బంది నాకు తెలుసు. మే నెలలో రోజుకో రేటు పడిపోతుంటే పచ్చికాయను వరిగడ్డిలో పెట్టి వారం ఆగడం ఎవరివల్లా కాదు. పసుపు రంగు తిరిగిన కాయకే కొనేవాళ్లు ముందుకొస్తారు. కానీ దానికి సరైన దారి ఉంది. ఎథిలీన్ చాంబర్ ఉన్న మండీలకు క్రేట్‌కు ఇంత అని కట్టి మగ్గబెట్టించుకోవచ్చు. ఉష్ణోగ్రత, తేమ, గాలి మార్పిడి చూసుకుంటూ తక్కువ మోతాదులో గ్యాస్ వదులుతారు. కాయ లోపలి నుంచి మగ్గుతుంది, తీపి ఎక్కుతుంది. కార్బైడ్ కాయకు రంగు వస్తుంది గానీ లోపల పులుపు, టెంక చుట్టూ తెల్లదనం అలాగే ఉంటాయి. ఒకసారి రెండూ కోసి పక్కపక్కన పెట్టి చూడండి. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత పేరున్న కాయను సున్నం పొట్లాలతో చెడగొట్టుకుంటుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

రిపోర్టు మీకు వ్యతిరేకంగా వస్తే, అది మీ చేతికి అందిన రోజు నుంచి 30 రోజుల్లోపు డెసిగ్నేటెడ్ ఆఫీసర్‌కు ఫారం 8లో అప్పీలు చేసుకోవాలి. కవరు అందిన తేదీ ఆ కవరు మీదే రాసి పెట్టుకోండి, కవరు పారేయకండి. గడువు దాటాక వచ్చి నా దగ్గర తల పట్టుకున్నవాళ్లు చాలామంది.

సోమవారం కాగితాల నకళ్లు తెచ్చుకున్నాక, పేర్లు, నంబర్లు కనిపించకుండా చెరిపి, జప్తు జాబితా, 5ఎ నోటీసు ఫోటోలు ఇక్కడ పెట్టండి. పొట్లం కవరు ఒక్కటైనా మీ షాపులో మిగిలి ఉంటే దాని ముందువైపు, వెనకవైపు కూడా. నాలుగో భాగం గురించిన అర్జీ ఎలా రాయాలో వాటిని చూశాక చెబుతాను.